స్పాంజి లెక్టిన్లు మన రోగనిరోధక కణాలను ఏం చేస్తాయి?

ఉలవచారు రుచి తెలియని తెలుగువాళ్లు తక్కువ. ఆ ఉలవగింజకు బ్లడ్ బ్యాంకులో ఇంకో పని ఉందని తెలిసినవాళ్లు మాత్రం చాలా కొద్దిమందే. పచ్చి ఉలవలను పొడిచేసి ఉప్పునీటిలో నానబెట్టి, పైకి తేరిన నీటిని వడగట్టి, తగినంత పలచన చేసి 'ఏ' (A) గ్రూపు రక్తంలో కలిపితే కొందరి రక్తం ముద్దలు ముద్దలుగా కట్టేస్తుంది. కొందరిది మామూలుగానే ఉండిపోతుంది. ముద్దకట్టింది ఏ1 రకం, కట్టనిది ఏ2 లాంటి రకం. 1950ల మొదట్లో, మన దేశంలో పనిచేస్తున్న జి.డబ్ల్యు.జి. బర్డ్ అనే పరిశోధకుడు ఈ సంగతి గమనించి ప్రకటించారు. ఏ1, ఏ2లను విడదీయడానికి ఉలవల నుంచి తీసిన ఈ సారాన్ని ఇవాళ్టికీ ల్యాబుల్లో వాడుతున్నారు.

ఉలవలో ఈ పని చేసేది ఒక ప్రొటీన్. దాన్ని లెక్టిన్ అంటారు. ఇలాంటి ప్రొటీన్లే సముద్రపు అడుగున రాళ్లకు అంటుకుని బతికే స్పాంజి జీవుల్లోనూ ఉన్నాయి. వాటి మీద వచ్చే వార్తలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒకచోట ఇమ్యూనిటీని రెచ్చగొడుతుందని రాస్తారు, ఇంకోచోట అణచివేస్తుందని రాస్తారు. ఒకటి క్యాన్సర్ కణాలను చంపుతుందంటే, మరొకటి వాపు తెస్తుందంటుంది. చదివేవాళ్లకు ఏది నమ్మాలో తెలియదు. నిజానికి వీటిలో చాలా మాటలు వాటి వాటి పరిధిలో సరైనవే. ఎందుకు అలా అవుతుందో అర్థం కావాలంటే ముందు కణం ఒంటిమీద ఏముంటుందో చూడాలి.

కణం ఒంటిమీది చక్కెర

ఇక్కడ చక్కెర అంటే టీలో వేసుకునేది కాదు. గాలక్టోజ్, మాన్నోజ్, ఫ్యూకోజ్, సయాలిక్ ఆసిడ్ లాంటి చిన్న చిన్న చక్కెర అణువులు పూసల్లా ఒకదానికొకటి తగులుకుని గొలుసులవుతాయి. ఈ గొలుసులు కణపొర మీది ప్రొటీన్లకూ కొవ్వులకూ అతుక్కుని, బయటివైపు వేలాడుతూ ఉంటాయి. చెరువులో మునిగిన రాయి చుట్టూ నాచు ఎలా దట్టంగా ఉంటుందో, మన ప్రతి కణం చుట్టూ ఈ చక్కెర పొర అలా ఉంటుంది. కణాన్ని తాకడానికి వచ్చేది వైరస్ అయినా, బాక్టీరియా అయినా, పక్క కణమే అయినా ముందు తగిలేది ఈ పొరే.

ఈ గొలుసు చివర ఏ పూస ఉందన్నది ఎంత పెద్ద విషయమో మన రక్తం గ్రూపులే చెబుతాయి. 'ఓ' (O) గ్రూపు వాళ్ల ఎర్రరక్తకణాల మీద గొలుసు ఫ్యూకోజ్ తగిలించాక ఆగిపోతుంది. 'ఏ' గ్రూపులో దానికి అదనంగా ఎన్-అసిటైల్ గాలక్టోసమిన్ అనే పూస చేరుతుంది. బి గ్రూపులో ఆ చోట మామూలు గాలక్టోజ్ చేరుతుంది. 'ఏ' గ్రూపు పూసను తగిలించే ఎంజైముకూ 'బి' గ్రూపు పూసను తగిలించే ఎంజైముకూ తేడా నాలుగు అమైనో ఆమ్లాలే. ఆ చిన్న తేడా వల్లే ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కిస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఏ1, ఏ2 ఇద్దరి కణాల మీదా ఉన్నది ఒకే పూస. ఏ1 మీద అది చాలా ఎక్కువగా ఉంటుంది, ఏ2 మీద తక్కువ. పలచన చేసిన ఉలవ లెక్టిన్ ఎక్కువ పూసలున్న కణాన్ని గుంపు కట్టించగలుగుతుంది, తక్కువున్న దాన్ని వదిలేస్తుంది. అంటే లెక్టిన్ చూసేది ఏ చక్కెర ఉందన్నది మాత్రమే కాదు, అది ఎంత దట్టంగా ఉందన్నది కూడా. ఈ ఒక్క మాట గుర్తుంటే ముందు ముందు చాలా చిక్కుముడులు విడిపోతాయి.

లెక్టిన్ అని దేన్ని అంటారు?

చక్కెరను గుర్తుపట్టి పట్టుకునే ప్రొటీన్ లెక్టిన్. అయితే రెండు షరతులున్నాయి. అది యాంటీబాడీ కాకూడదు. యాంటీబాడీలు కూడా కొన్ని చక్కెరలను పట్టుకుంటాయి, కానీ అవి రోగనిరోధక వ్యవస్థ తయారుచేసుకునేవి. రెండోది, అది తను పట్టుకున్న చక్కెరను కోసి మార్చే ఎంజైమ్ కాకూడదు. లెక్టిన్ పట్టుకుంటుంది, వదిలేస్తుంది, అంతే. చక్కెర చక్కెరలాగే ఉంటుంది.

వీటిలో మొదట దొరికింది ఆముదం గింజలోనే. 1888లో, ఇప్పటి ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయంలో పీటర్ హెర్మన్ స్టిల్‌మార్క్ ఆముదం గింజల విషసారం రక్తకణాలను గుంపు కట్టిస్తుందని చూపించాడు. జాక్ బీన్ అనే చిక్కుడు జాతి గింజ నుంచి కాంకనావాలిన్ ఏ అనే లెక్టిన్‌ను జేమ్స్ సమ్నర్ 1919లో స్ఫటికాలుగా తీశాడు. లెక్టిన్ అన్న పేరు మాత్రం 1954లో వచ్చింది. లాటిన్‌లో 'ఏరుకోవడం' అన్న మాట నుంచి పెట్టారు. పేరు బాగా కుదిరింది, ఎందుకంటే ఇవి కనబడ్డ చక్కెరనల్లా పట్టుకోవు, తమకు సరిపడేదాన్ని ఏరుకుంటాయి.

ఇవి మన చుట్టూ నిండా ఉన్నాయి. పనసగింజలోని జకాలిన్ గాలక్టోజ్ జాతి చక్కెరలను పట్టుకుంటుంది. పొట్లగింజల లెక్టిన్ మీద హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి పని జరిగింది. రాజ్మా సరిగా ఉడకకపోతే వాంతులు, విరేచనాలు అవడానికి కారణం కూడా లెక్టినే. బాగా మరిగించి ఉడికిస్తే అది చెడిపోతుంది. కాబట్టి ఉడికిన పప్పుధాన్యాలు తినడానికి భయపడక్కర్లేదు.

ఇక ఎన్ని చేతులున్నాయన్నది. పల్లేరుకాయకు ముళ్లు అన్ని వైపులా ఉంటాయి కాబట్టే ఒక వైపు పంచెకు, ఇంకో వైపు పక్కవాడి లుంగీకి గుచ్చుకుని రెంటినీ కలిపేస్తుంది. లెక్టిన్ కూడా అంతే. చాలా లెక్టిన్లు రెండో, నాలుగో ముక్కలు కలిసి ఏర్పడతాయి, ప్రతి ముక్కకూ చక్కెరను పట్టుకునే చోటు ఒకటి ఉంటుంది. ఒక చేయి ఒక చక్కెరను పట్టుకునే పట్టు చాలా బలహీనం. కానీ నాలుగు చేతులూ ఒకేసారి పట్టుకుంటే, ఒకటి జారినా మూడు ఆపుతాయి, జారింది మళ్లీ పట్టుకుంటుంది. అలా బలహీనమైన పట్లు కలిసి గట్టి పట్టు అవుతాయి.

ల్యాబులో చూస్తే ఎలా ఉంటుంది?

96 చిన్న గుంతలున్న ప్లాస్టిక్ పలక ఒకటి తీసుకుంటారు. ప్రతి గుంత చిటికెన వేలి గోరంత ఉంటుంది. మొదటి గుంతలో లెక్టిన్ ద్రావణం సగానికి సగం పలచన చేసి వేస్తారు. రెండో గుంతలో దాన్ని మళ్లీ సగం చేస్తారు, మూడో గుంతలో ఇంకా సగం. అలా 1:2, 1:4, 1:8 అంటూ పోతుంది. ప్రతి గుంతలో కాసిన్ని ఎర్రరక్తకణాలు వేసి కదపకుండా గంటసేపు వదిలేస్తారు.

గంట తర్వాత చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. లెక్టిన్ పనిచేయని గుంతలో కణాలు జారి అడుగున మధ్యలో చేరి, కుంకుమ బొట్టులాంటి ఎర్రటి చుక్క అవుతాయి. పనిచేసిన గుంతలో కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుపోతాయి కాబట్టి జారలేవు. గుంత అడుగంతా పలచటి ఎర్ర పొరలా పరుచుకుంటాయి. వరుసలో పొర ఎక్కడ ఆగిపోయి చుక్క మొదలైందో చూస్తే లెక్టిన్ బలం తెలుస్తుంది. ఎనిమిదో గుంతలో పొర ఉండి తొమ్మిదోదానిలో చుక్క కనిపించిందనుకుందాం. ఎనిమిదిసార్లు సగం చేస్తే 256 రెట్ల పలచన. ఆ లెక్టిన్ బలం 256 అంటారు.

ఇది ఏ చక్కెరను పట్టుకుంటుందో తెలుసుకోవడం ఇంకా సులువు. అదే పలకలో గుంతల్లో విడి చక్కెరలు కలుపుతారు. ఒకదానిలో గాలక్టోజ్, ఒకదానిలో మాన్నోజ్, ఒకదానిలో గ్లూకోజ్. గాలక్టోజ్ వేసిన గుంతలో మాత్రమే గుంపు కట్టడం ఆగిపోతే, లెక్టిన్ చేతులు విడి గాలక్టోజ్‌తో నిండిపోయాయనీ, కణాలను పట్టుకోవడానికి ఖాళీ చేతులు మిగల్లేదనీ అర్థం. ఇంత చిన్న పరీక్షే ఈ రంగానికంతా ఆధారం. లెక్టిన్ గురించిన ఏ వార్త చదివినా, ఆ ప్రభావాన్ని విడి చక్కెర ఆపిందా అని నేను మొదట చూస్తాను. ఆపిందని లేకపోతే, ఆ ప్రభావం చక్కెరను పట్టుకోవడం వల్లే వచ్చిందని చెప్పడానికి ఆధారం ఉండదు.

స్పాంజికి ఇవన్నీ ఎందుకు?

స్పాంజి మొక్క కాదు, జంతువే. గుండె, మెదడు, పేగు, రక్తం ఏవీ లేని జంతువు. ఒళ్లంతా రంధ్రాలు. వాటి గుండా నీటిని లోపలికి లాగి, అందులోని బాక్టీరియానూ సూక్ష్మజీవులనూ వడగట్టుకుని తిని, మిగతా నీటిని వదిలేస్తుంది. రోజుకు తన ఒంటి పరిమాణానికి వేల రెట్ల నీటిని ఇలా వడపోస్తుంది. ఇప్పటికి పేర్లు పెట్టిన జాతులే 9,000 దాటాయి. మనకు దగ్గర్లో మన్నార్ సింధుశాఖ స్పాంజీలకు పేరున్న చోటు.

1907లో హెచ్.వి. విల్సన్ అనే శాస్త్రవేత్త ఒక బతికున్న స్పాంజిని సన్నని సిల్కు గుడ్డలో వేసి పిండాడు. జంతువు విడి విడి కణాలుగా నీటిలో జారిపోయింది. చచ్చిపోవాల్సిన ఆ కణాలు పాకుకుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుని, ముద్దలై, మెల్లగా మళ్లీ చిన్న చిన్న స్పాంజీలయ్యాయి. తర్వాత పరిశోధకులు రెండు జాతుల స్పాంజీల కణాలను కలిపి చూస్తే, చాలా సందర్భాల్లో ఏ జాతి కణాలు ఆ జాతితోనే చేరాయి. మెదడు లేని జీవిలో ఒక కణం తన వాళ్లెవరో పైవాళ్లెవరో గుర్తుపట్టగలుగుతోంది. ఆ గుర్తింపులో కణాల ఒంటిమీది చక్కెర గొలుసులకూ, వాటిని పట్టే అణువులకూ పెద్ద పాత్ర ఉందని 1960ల నుంచి వచ్చిన పరిశోధనలు చూపాయి. ఈ కథ నాకు ఎన్నిసార్లు చదివినా పాతబడదు. మన శరీరంలో అవయవ మార్పిడిని తిరస్కరించే వ్యవస్థ అడిగే ప్రశ్న, నువ్వు నా వాడివా కాదా అన్నది, ఇంత పాత జీవిలో ఇంత బయటికి కనబడుతోంది.

ఇంకో సంగతి. స్పాంజికి యాంటీబాడీలు లేవు. రోజంతా బాక్టీరియాతో నిండిన నీళ్లు ఒంట్లోంచి పోతుంటాయి. కొన్నిటిని తినాలి, కొన్నిటిని తరిమేయాలి, కొన్నిటిని ఒంట్లోనే కాపురం పెట్టించుకోవాలి. బాక్టీరియా ఒంటిమీదా చక్కెరలుంటాయి కాబట్టి, ఎవరిని ఏం చేయాలో తేల్చడానికి లెక్టిన్లు పనికొస్తాయన్నది ఎక్కువమంది శాస్త్రవేత్తల అంచనా. ఉదాహరణకు క్లియోనా వేరియన్స్ అనే స్పాంజిలో దొరికిన గాలక్టోజ్ లెక్టిన్, కొన్ని రకాల బాక్టీరియాను గుంపు కట్టించగలిగింది.

ఇవి మనకు పూర్తిగా పరాయివీ కావు. జియోడియా, సినాకిరెల్లా జాతి స్పాంజీల్లో దొరికిన కొన్ని లెక్టిన్లు గాలెక్టిన్ అనే కుటుంబానివి. అదే కుటుంబం మన ఒంట్లోనూ ఉంది. మన తెల్లరక్తకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాషలో గాలెక్టిన్లు ఒక ముఖ్యమైన భాగం. స్పాంజి లెక్టిన్ మన కణాల మీద ఏదో ఒక ప్రభావం చూపడంలో ఆశ్చర్యం లేకపోవడానికి ఇదొక కారణం.

రోగనిరోధక కణాన్ని తాకితే జరిగేవి

1960లో పీటర్ నోవెల్ అమెరికాలో రక్తకణాలతో పనిచేస్తున్నాడు. ఎర్రరక్తకణాలను వేరుచేయడానికి రాజ్మా గింజల లెక్టిన్ కలిపాడు. పక్కనున్న తెల్లరక్తకణాలు విభజన మొదలుపెట్టాయి. అప్పటిదాకా లింఫోసైట్ (ఒక రకం తెల్లరక్తకణం) అంటే ఎదుగుదల అయిపోయిన, ఇక విభజించలేని కణం అని అనుకునేవారు. ఆ నమ్మకం ఒక గింజ సారంతో చెదిరిపోయింది. ఇలా కణ విభజనను మొదలుపెట్టించే పదార్థాన్ని మైటోజెన్ అంటారు.

లోపల జరిగేది ఇది. టీ కణం అనే ఒక రకం లింఫోసైట్ ఒంటిమీద రిసెప్టర్లు, అంటే సంకేతాలను అందుకునే ప్రొటీన్లు, విడివిడిగా తేలుతుంటాయి. నిజమైన శత్రువు కనిపించినప్పుడు అవి ఒకచోట చేరి, లోపలికి సంకేతం పంపుతాయి. ఆ రిసెప్టర్లకూ చక్కెర గొలుసులున్నాయి. నాలుగు చేతుల లెక్టిన్ వచ్చి ఆ గొలుసులను పట్టి రిసెప్టర్లను దగ్గరకు లాగితే, శత్రువు లేకుండానే కణం శత్రువు వచ్చిందనుకుంటుంది. తాళంచెవి లేకుండా తలుపును ఊపి ఊపి గడియ జారేలా చేసినట్టు.

ఇలాంటి పనే పూర్తిగా ఎదురు ఫలితం కూడా ఇవ్వగలదు. మన ఒంట్లోని గాలెక్టిన్-1, పనిలో దిగిన టీ కణాల చక్కెరలను పట్టుకుని వాటిని చావు వైపు నడిపిస్తుందని 1995లో తేలింది. అయితే ఆ గొలుసు చివర సయాలిక్ ఆసిడ్ ఒక ప్రత్యేకమైన తీరులో టోపీ పెట్టినట్టు ఉంటే గాలెక్టిన్-1 దాన్ని పట్టుకోలేదు, కణం బతికిపోతుంది. ఒకే లెక్టిన్, ఒకే రకం కణం. టోపీ ఉంటే ఒక కథ, లేకపోతే ఇంకో కథ.

స్పాంజి లెక్టిన్లలోనూ ఈ రెండు దారులూ కనబడ్డాయి. బ్రెజిల్ పరిశోధకులు ఆక్సినెల్లా కొరుగాటా అనే స్పాంజి నుంచి తీసిన లెక్టిన్ న్యూట్రోఫిల్ కణాలను తన వైపు కదిలించింది. ఇన్ఫెక్షన్ దగ్గరికి అందరికంటే ముందు పరుగెత్తే తెల్లరక్తకణాలు ఇవే. క్లియోనా వేరియన్స్ లెక్టిన్ కూడా జంతువుల్లో న్యూట్రోఫిల్స్‌ను రప్పించి వాపు తెచ్చింది. అదే లెక్టిన్ కె562 అనే ల్యుకీమియా (రక్త క్యాన్సర్) కణాల పెరుగుదలను ఆపింది. హాలిక్లోనా క్రాటెరా లెక్టిన్ మనిషి టీ కణాల విభజనను కొద్దిగానే కదిలించింది, కానీ కొన్ని క్యాన్సర్ కణాలకు విషమైంది. పత్రికలో శీర్షిక పెట్టేవాళ్లు వీటిలో ఒక్కదాన్నే తీసుకుంటే, అది ఇమ్యూనిటీ పెంచే మందో, క్యాన్సర్ మందో, వాపు తెచ్చే విషమో అయిపోతుంది.

థ్రాంబోకార్టిసిన్: ఆగి చూడాల్సిన ఉదాహరణ

ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచింపజేసింది 2022లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన. కార్టిసియం జాతి స్పాంజిలో జపాన్ శాస్త్రవేత్తలు థ్రాంబోకార్టిసిన్ అనే లెక్టిన్‌ను కనుగొన్నారు. దానికి రెండు ముక్కలు, క్యాల్షియం ఉంటేనే పనిచేస్తుంది, పట్టుకునేది ఫ్యూకోజ్‌ను.

దీని ప్రభావం తెలియాలంటే థ్రాంబోపోయెటిన్ గురించి ఒక్క మాట. డెంగీ సీజన్‌లో ప్లేట్‌లెట్ రిపోర్టు చేతిలో పట్టుకుని టెన్షన్ పడని ఇల్లు లేదు. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల ప్లేట్‌లెట్లు ఉండాలి. ఎముక మజ్జలో వాటిని తయారుచేయమని చెప్పే హార్మోన్ థ్రాంబోపోయెటిన్. అది ఒక రిసెప్టర్‌కు తగిలి, రెండు రిసెప్టర్లను జతకలిపి, లోపలికి సంకేతం పంపుతుంది. రక్తకణాలన్నిటికీ తల్లి అయిన స్టెమ్ సెల్స్ మీద కూడా ఈ రిసెప్టర్ ఉంటుంది, ఆ స్టెమ్ సెల్స్‌లోంచే రోగనిరోధక కణాలూ పుడతాయి.

థ్రాంబోకార్టిసిన్ ఆ హార్మోన్ కూర్చునే చోట కూర్చోదు. రిసెప్టర్‌కు వేలాడే చక్కెర గొలుసును పట్టుకుంటుంది. తనకు రెండు ముక్కలున్నాయి కాబట్టి రెండు రిసెప్టర్లను జతచేస్తుంది. రిసెప్టర్ పనిచేయడం మొదలుపెడుతుంది. హార్మోన్ కూడా తోడుంటే ప్రభావం బాగా పెరుగుతుంది. రిసెప్టర్‌లో హార్మోన్ కోసం ఉన్న చోటును తాకకుండానే, దాని ఒంటిమీది నాచును పట్టుకుని స్విచ్ వేయొచ్చని దీనితో తెలిసింది.

అయితే ఇక్కడొక భయపెట్టే విషయం ఉంది, దాన్ని దాచకూడదు. హార్మోన్ తగిలినప్పుడు కణం కాసేపటికి ఆ రిసెప్టర్‌ను లోపలికి లాక్కుని సంకేతాన్ని ఆపేస్తుంది. చక్కెర ద్వారా వేసిన స్విచ్ విషయంలో ఈ లాక్కోవడం తక్కువ, అందుకే సంకేతం చాలాసేపు సాగుతుంది. కొన్ని రకాల రక్త క్యాన్సర్లలో కాల్‌రెటిక్యులిన్ అనే ప్రొటీన్ మారిపోయి, ఇదే రిసెప్టర్‌ను ఇలాగే చక్కెర ద్వారా పట్టి ఆగకుండా నడిపిస్తుంది. పరిశోధకులు ఈ పోలికనే ముందుకు తెచ్చారు. కాబట్టి థ్రాంబోకార్టిసిన్ ఇప్పటికి ఆ జబ్బు ఎలా నడుస్తుందో అర్థం చేసుకునే పనిముట్టు. డెంగీలో ప్లేట్‌లెట్లు పెంచే మందు అని ఎవరైనా చెబితే అది ఈ పరిశోధన చెప్పని మాట.

అసలు పనిచేసింది లెక్టినేనా?

ఈ రంగం గురించి రాసేవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఇది. స్పాంజి ఒంట్లో స్పాంజి ఒక్కటే ఉండదు. కొన్ని జాతుల్లో ఒంటి బరువులో మూడోవంతు దాకా బాక్టీరియానే. స్పాంజిని నూరి ప్రొటీన్ తీస్తే, బాక్టీరియా పైపొరలోని ఎల్‌పీఎస్ అనే పదార్థం కూడా దానితో రావచ్చు. బాక్టీరియాను మింగే మన మాక్రోఫేజ్ కణాలు ఎల్‌పీఎస్‌ను అతి కొద్ది మోతాదులో, మిల్లీలీటరుకు నానోగ్రాముల లెక్కలో ఉన్నా పసిగట్టి సైటోకైన్లు అనే సంకేత ప్రొటీన్లను విడుదల చేస్తాయి. చూసేవాళ్లు లెక్టిన్ ఇమ్యూనిటీని లేపిందనుకుంటారు, లేపింది నిజానికి మురికి కావచ్చు.

ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. ఒక లెక్టిన్ కలిపాక మాక్రోఫేజ్‌లు సైటోకైన్లు విడుదల చేశాయి. దాన్ని నాలుగు రకాలుగా పరీక్షించవచ్చు. లెక్టిన్‌ను మరిగించి మళ్లీ కలిపితే, ప్రొటీన్ చెడిపోతుంది కానీ ఎల్‌పీఎస్ మరిగినా చెడదు. ఫలితం అలాగే ఉంటే మురికి మీద అనుమానపడాలి. అయితే కొన్ని లెక్టిన్లు వేడికి బాగా తట్టుకుంటాయి కాబట్టి ఇదొక్కటే చాలదు. ఎల్‌పీఎస్‌ను కట్టిపడేసే పాలీమిక్సిన్ బి కలిపి చూడాలి. విడి చక్కెర కలిపితే ప్రభావం ఆగాలి. గుర్రపుడెక్క పీతల రక్తంతో చేసే పరీక్షలో ఎల్‌పీఎస్ ఎంతుందో కొలిచి అంకె చెప్పాలి. ఈ నాలుగూ ఒకే దిక్కు చూపితే ఆ ఫలితాన్ని నమ్మొచ్చు. పాత పరిశోధనల్లో ఇవన్నీ చేసినవి తక్కువ.

స్పాంజి జన్యువును చదివి, ఆ ముక్కను ల్యాబులో ఈ-కోలై బాక్టీరియాలో పెట్టి లెక్టిన్‌ను తయారుచేయడం ఇప్పుడు మామూలైంది. సముద్రంలో స్పాంజీలను కోయక్కర్లేదు, స్పాంజి ఒంట్లోని బాక్టీరియా గొడవా లేదు. కానీ ఈ-కోలై పైపొర కూడా ఎల్‌పీఎస్‌తో చేసిందే. శుభ్రం చేసే పని ఎక్కడికీ పోలేదు.

గాజు గిన్నె నుంచి మన రక్తంలోకి

ల్యాబులో కణాలు గిన్నెలో ఒంటరిగా ఉంటాయి. ఒంట్లో అలా ఉండవు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక లెక్టిన్ మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల దగ్గర టీ కణాలను లేపిందనుకుందాం. పెద్దవాళ్ల ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు, అంటే 5,000 మిల్లీలీటర్లు. అదే గాఢత రావాలంటే 50,000 మైక్రోగ్రాములు, అంటే 50 మిల్లీగ్రాములు ఎక్కించాలి. అంకె చిన్నదే, ఒక మాత్రలో పట్టేంత.

కానీ మైక్రోలీటరు రక్తంలో ఎర్రరక్తకణాలు దాదాపు 50 లక్షలు, తెల్లరక్తకణాలు సుమారు 7,000. ఒక్క తెల్లకణానికి 700 ఎర్రకణాలన్నమాట. రక్తంలో పడిన లెక్టిన్‌కు ముందు తగిలేది ఎర్రకణాలే. అది గాలక్టోజ్ లాంటి సాధారణమైన చక్కెరను పట్టుకునేదైతే ఎర్రకణాలనే గుంపు కట్టించవచ్చు. రక్తనాళంలో కణాలు గుంపు కట్టడం ప్రాణాపాయం. పైగా పరాయి ప్రొటీన్ కాబట్టి ఒకటి రెండుసార్లు ఎక్కించేసరికి మన ఒళ్లే దానికి యాంటీబాడీలు తయారుచేస్తుంది. లెక్టిన్లను మందుగా చూడటాన్ని సందేహించేవాళ్ల వాదనలో ఇవి బలమైన అంశాలు.

అవతలివాళ్ల వాదనా తేలిగ్గా తోసేయదగ్గది కాదు. లెక్టిన్ చేతిని మలచుకోవచ్చని వాళ్లంటారు. అరటిపండు లెక్టిన్ దీనికి మంచి రుజువు. అది వైరస్‌ల మీది మాన్నోజ్‌ను పట్టి వాటిని అడ్డుకుంటుంది, కానీ టీ కణాలను కూడా విపరీతంగా లేపుతుంది. దానిలో 84వ స్థానంలోని హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని తీసి త్రియోనిన్ పెడితే, వైరస్‌ను అడ్డుకునే గుణం నిలిచింది, టీ కణాలను లేపే గుణం బాగా తగ్గిపోయింది. 2015లో వచ్చిన ఈ పరిశోధన, మంచి చెడు ప్రభావాలు ఒకే ముద్దగా ఉండనక్కర్లేదని చూపింది. స్పాంజి లెక్టిన్ల నిర్మాణాలు తెలిసేకొద్దీ వాటిమీదా ఇలాంటి పని చేయొచ్చు. నా మటుకు నాకు ఈ వాదన సరైన దారిలోనే ఉందనిపిస్తుంది. కాకపోతే ఒక్కో లెక్టిన్‌కూ ఈ పని వేరుగా చేయాలి, ఒకదానికి కుదిరింది ఇంకోదానికి కుదురుతుందని చెప్పలేం.

వేరే స్పాంజి మందులతో కలిపేయకండి

స్పాంజీల నుంచి నిజంగానే మందులు వచ్చాయి. ల్యుకీమియాకు దశాబ్దాలుగా వాడుతున్న సైటరబిన్‌కు దారి చూపింది కరీబియన్ స్పాంజిలో 1950ల ప్రాంతంలో దొరికిన అణువులు. రొమ్ము క్యాన్సర్‌కు 2010లో అమెరికాలో అనుమతి పొందిన ఎరిబులిన్‌కు మూలం హాలికాండ్రిన్ అనే స్పాంజి పదార్థం. ఇవి చిన్న అణువులు, లెక్టిన్లు కావు.

ఎక్కువ తికమక పెట్టేది మూడోది. అజెలాస్ అనే స్పాంజి నుంచి వచ్చిన ఆల్ఫా-గాలక్టోసిల్ సెరమైడ్, ఎన్‌కేటీ కణాలు అనే రోగనిరోధక కణాలను గట్టిగా లేపుతుంది. స్పాంజి, చక్కెర, ఇమ్యూనిటీ మూడు మాటలూ ఇందులోనూ ఉన్నాయి కాబట్టి దీన్ని లెక్టిన్ ఖాతాలో రాసేస్తుంటారు. ఇది చక్కెరను పట్టుకునే ప్రొటీన్ కాదు, చక్కెర తగిలించిన కొవ్వు. మన ఒంట్లోని సీడీ1డీ అనే అణువు దీన్ని పట్టుకుని ఎన్‌కేటీ కణానికి చూపిస్తుంది. లెక్టిన్ చేయి అయితే, ఇది చేతికి అందే వస్తువు.

స్పాంజి లెక్టిన్‌లో ఇంతవరకు ఏదీ ఆసుపత్రిలో రోగికి ఇచ్చే మందుగా రాలేదు. వాటి అసలు ఉపయోగం ఇప్పటికి ల్యాబుల్లోనే ఉంది: ఏ కణం ఒంటిమీద ఏ చక్కెర ఉందో చదవడానికి, రిసెప్టర్‌ను కొత్త దారిలో తట్టి చూడటానికి. వాటిని వేరుచేసే పద్ధతి కూడా వాటి స్వభావాన్నే వాడుకుంటుంది. గోరుచిక్కుడు గింజల బంకలో గాలక్టోజ్ నిండా ఉంటుంది. ఆ బంకను గట్టిపరచి, గాజు గొట్టంలో నింపి, పైనుంచి గింజల సారమో స్పాంజి సారమో పోస్తారు. మిగతా ప్రొటీన్లన్నీ కిందికి జారిపోతాయి, గాలక్టోజ్ లెక్టిన్ మాత్రం బంకను పట్టుకుని ఆగిపోతుంది. తర్వాత విడి గాలక్టోజ్ కలిపిన నీళ్లు పోస్తే ఆ చేతులు బంకను వదిలేసి దాన్ని పట్టుకుంటాయి, గొట్టం కింద పెట్టిన పరీక్షనాళికలోకి లెక్టిన్ చుక్క చుక్కగా దిగుతుంది.